తీగ కింద ఎర్రపోగు

హిందూపురం బజారు వెనక సందులో హార్మోనియంలు, తబలాలు, డోళ్ళు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. పోయిన నెల మా తంబూరాను ఆయన దగ్గరికి పంపించాను. ఏళ్ళ తరబడి గుడ్డ తొడుగులో మూలకు నిలబడిపోయిన తంబూరా అది. తీగలు తుప్పు పట్టాయి, బుర్ర ఒక పక్క నెరియ ఇచ్చింది. సంగీతం నేర్చుకుంటున్న మా మనవరాలు రమ్య సెల్‌ఫోనులో మోగే శ్రుతితో పాడీ పాడీ విసుగెత్తి, "ఇంట్లో అంత పెద్దది పెట్టుకుని నాకీ ఫోను ఎందుకవ్వా" అనడంతో దానికి మళ్ళీ కదలిక వచ్చింది. బాగయిందని కబురు వస్తే నేనే ఆటోలో పోయాను. కొత్త తీగలు తళతళలాడుతున్నాయి. ఆయన ఒక కాగితం పొట్లం నా చేతిలో పెట్టి, "పాత తీగల కింద ఇవి ఉన్న్యాయమ్మా. చెత్తలో ఏద్దామనుకుంటి. పెద్దామెను ఒక మాట అడుగుదామని పెట్టినా. పారేద్దునా?" అన్నాడు. పొట్లంలో నాలుగు పట్టుపోగులు, ఒక్కొక్కటి చిటికెన వేలంత. ఒకప్పటి ఎరుపు ఇప్పుడు ఎండిన తమలపాకు రంగుకు తిరిగింది. నేను అంగడి ముందర బల్ల మీద కూర్చుండిపోయాను. ఆయన కంగారుపడి నీళ్ళు తెచ్చిచ్చాడు.

జన్మంతా పంతులమ్మగా బతికినదాన్ని, వివరం చెప్పకుండా ముందుకు పోలేను. తంబూరా బుర్ర మీద తీగలు ఆనుకునే వెడల్పాటి చెక్క మెట్టు ఒకటి ఉంటుంది. ఒక్కొక్క తీగకూ ఆ మెట్టుకూ మధ్య ఒక దారప్పోగు దూరుస్తారు. దాన్ని జీవ అంటారు. పోగు సరిగ్గా దాని చోట ఉంటే తీగ మీటగానే నాదం విచ్చుకుని గదంతా నిండుతుంది. వెంట్రుకవాసి అటో ఇటో జరిగిందంటే గోడకు కొట్టిన మేకును మీటినట్టు టుక్కుమంటుంది. ఎంత ఖరీదైన తంబూరా అయినా ఆ పోగు లేకపోతే కట్టె కిందే లెక్క. ఆ చోటు ఎక్కడో పుస్తకంలో ఉండదు, ఒకరు చెప్తే రాదు. వేలికీ చెవికీ కలిపి తెలియాలి.

మా నాయనకు తెలుసు. ఆయన హిందూపురంలో బెల్లం మండీలో పనిచేసేవాడు. ఒళ్ళంతా బెల్లం వాసన, సాయంత్రం ఇంటికొస్తే చీమలు వెంటబడి వస్తాయేమో అని ఆయన తల్లి, మా అవ్వ, ఎగతాళి చేసేది. తెల్లవారగానే చన్నీళ్ళు పోసుకుని, తడి తల తుడుచుకోకుండానే చాప పరిచి తంబూరా ఒళ్ళోకి తీసుకునేవాడు. పక్క గదిలో అవ్వ రాగిపిండి జల్లిస్తుండేది. జల్లెడ చప్పుడు, తంబూరా, ఎక్కడో సందు చివర పాలమనిషి కన్నడంలో కేక, ఇవన్నీ కలిస్తేనే నాకు తెల్లవారినట్టు. జీవ అరిగిపోతే నాయన కట్టుకున్న పంచె కొసలోంచి నూలు పోగు లాగి, కొరికి, తీగ కిందికి తోసి, ఒక్క క్షణంలో దాన్ని నిలబెట్టేవాడు. ఎట్లా నాయనా అని అడిగితే "వయసొస్తే చేతికి అదే వస్తుందిలే" అనేవాడు. నా పాట అయ్యాక "ఇవత్తికి సాకమ్మా" అనేవాడు, ఇవాళ్టికి చాలని. మా ఊళ్ళో తెలుగూ కన్నడమూ ఒకే నోట్లో కాపురం చేసేవి. నేను టీచరు ట్రైనింగులో ఉండగా ఆయన పోయాడు. తంబూరా నాకు మిగిలింది, ఆ చేయి మిగల్లేదు.

ధర్మవరంలో ఆడపిల్లల స్కూల్లో ఉద్యోగం వచ్చినప్పుడు నాకు ఇరవై రెండో మూడో. పెళ్ళికాని పిల్లను ఒంటరిగా పంపకూడదని అవ్వ నా వెంట బయలుదేరింది. రైల్లో తంబూరాను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని, దగ్గరికి జరిగిన ప్రతివాళ్ళనూ కసురుకుంటూ వచ్చింది. నారాయణప్ప అనే నేతాయన ఇంట్లో ముందు గది మాకు అద్దెకు దొరికింది. వెనక చావడిలో వాళ్ళ గుంట మగ్గాలు రెండు. తడిసిన పట్టు వాసన, రంగు ఉడికే వాసన, గంజి వాసన మా అన్నంలోకి కూడా వచ్చేవి. పొద్దున స్కూలుకు పోవాలంటే వీధి పొడవునా సాగదీసి కట్టిన పట్టుదారాల పడుగులను తప్పుకుంటూ, వాటిని ముట్టుకుంటే ఎవరేమంటారో అని కొంగు బిగించి పోయేదాన్ని. "ఈ టకటకలో మనిషికి కన్ను మూతపడతాదా" అని అవ్వ రోజూ గొణిగేది. అమావాస్య నాడు మగ్గాలు ఆపితే మాత్రం మధ్యాహ్నం నిద్ర పట్టక అటూ ఇటూ పొర్లేది.

ఊరు కొత్త. స్కూల్లో అందరూ మంచివాళ్ళే, కానీ పాట గురించి మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. అవ్వ వినేది గానీ ఆలాపన మధ్యలో నశ్యం పీల్చి తుమ్మేది. అన్నిటికన్నా పెద్ద దిగులు, తంబూరా పలకలేదు. నాయన పెట్టిన పోగులు రైలు కుదుపులకు రాలిపోయాయి. కుట్టుదారం పెట్టాను, పూలు కట్టే దారం పెట్టాను, నాయన పంచెలోంచే పోగు తీసి పెట్టాను. టుక్కు టుక్కు. రెండు నెలలు చూసి, తొడుగు తొడిగి మూలకు ఆనించి, శ్రుతి లేకుండానే పాడుకోవడం మొదలుపెట్టాను. నాయన రెండోసారి పోయినట్టు అనిపించేది.

ఒకరోజు స్కూలు నుంచి వచ్చి చివరిసారి అన్నట్టు మళ్ళీ తంబూరా తీసి తీగలు బిగించే బిరడాలు తిప్పుతున్నాను. గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టయింది. నారాయణప్ప పెళ్ళాం అంజినమ్మ. నాకన్నా పదేళ్ళు పెద్దది, సన్నగా, పొడుగ్గా, మణికట్టుకు ఎప్పుడూ తెగిన పట్టుపోగులు చుట్టుకుని ఉండేది. వేళ్ళ చివర్లు రంగు పట్టి ఎర్రగా ఉండేవి. అద్దెకు వచ్చినప్పటి నుంచి మా మధ్య నీళ్ళ మాటలూ కట్టెల మాటలూ తప్ప ఇంకోటి లేదు.

"టీచరమ్మా, ఆ మూడోది సడిలుండాది. ఇంగ రవ్వంత బిగించు" అంది.

నేను బిగించాను. సరిగ్గా కలిసింది. "నీకెట్లా తెలిసింది, పాట నేర్చుకున్నావా?" అన్నాను.

"పాట యాడిది మాకు. పడుగు బిగించినాక చేత్తో తట్టి వింటాం కదా. సడిలిన పోగు వేరే మాట్లాడతాది. ఇదీ అంతే కదా." గుమ్మం దాటి వచ్చి నా పక్కన కూర్చుంది. "అయినా ఇది బిగింపు తప్పు కాదు. లోపల ఏందో లేదు దీనికి."

జీవ సంగతి చెప్పాను. చూపించమంది. నేను పెట్టిన దారం తీసి పక్కన పారేసి, మణికట్టు మీది పోగుల్లోంచి తెల్లది ఒకటి లాగి తీగ కింద దూర్చింది. "జారుతాండాది" అని తీసేసింది. తర్వాత ఎర్రది, చీర అంచుకు వాడేది. "రంగు తాగిన పోగు రవ్వంత గరుకు. ఇది నిలుస్తాది." మా పొయ్యి దగ్గరికి పోయి చిటికెడు బూడిద వేళ్ళకు అద్దుకుని వచ్చింది. తెగిన పడుగు పోగులను వాళ్ళు అట్లాగే బూడిద చేత్తో మెలిపెట్టి అతుకుతారు. ఎడమ చేత్తో తీగ మీటుతూ, కుడిచేతి గోటితో పోగును తోస్తూ, కళ్ళు మూసుకుంది. టుక్కు, టుక్కు, టుక్కు. ఉన్నట్టుండి తీగ విచ్చుకుంది. హిందూపురంలో మా చావడి, తడి తలతో నాయన, జల్లెడ చప్పుడు అన్నీ ఆ గదిలోకి వచ్చేశాయి. నేను ఏడ్చేశాను. వంటింట్లోంచి అవ్వ వచ్చి నిలబడి, తనూ ఏడ్చింది. అంజినమ్మ మాత్రం నాలుగు తీగలూ అయ్యేదాకా కళ్ళు తెరవలేదు.

ఆ రోజు నుంచి ఆమె నాకు అంజినక్క. సాయంత్రం మగ్గం దిగి, కాళ్ళు కడుక్కుని, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. నేను పాడేదాన్ని, ఆమె నా వెనక కూర్చుని తంబూరా మీటేది. ఒక్కనాడూ గొంతు విప్పలేదు, పాడమన్నా పాడలేదు. తంబూరా వేసేవాళ్ళను కచేరీల్లో ఎవరూ మనుషుల్లో జమకట్టరు. నేనూ మొదట్లో అట్లాగే అనుకున్నాను, శ్రుతికి ఒక మనిషి దొరికిందని. నాలుగు నెలలు పోయాక తెలిసింది, నా పాట సగం ఆమె చేతిలో ఉందని. నేను తొందరపడితే ఆమె మీటు నిదానించేది. నేను భయపడితే గట్టిపడేది. పాట అయ్యాక, రాగాల పేర్లు, స్వరాల పేర్లు తెలియని మనిషి కాబట్టి, తనకు తెలిసిన మాటల్లో చెప్పేది. "పైకి పోయేటప్పుడల్లా నిన్నెవరో తరుముతాండినట్ల పోతాండావు. నిదానంగా పో. తీగ ఈడ్నే ఉండాది, యాడికీ పోదు." నా పాటలో ఉన్న తప్పు అదే. నాయనకు కూడా పట్టుబడని తప్పు. నేర్పిన ఆయన నా ముందు కూర్చున్నాడు, ఆమె వెనక కూర్చుంది, బహుశా అందుకేనేమో.

రెండేళ్ళకు పెనుకొండ నుంచి కబురొచ్చింది. శ్రీరామనవమి పందిట్లో పాడమని. మా స్కూలు హెడ్మాస్టరమ్మ అక్కడి ఉత్సవ కమిటీకి నా పేరు చెప్పింది. బెంగుళూరు నుంచి ఒక పెద్ద విద్వాంసుడు వస్తున్నాడు, ఆయన చెవిన పడితే శిష్యురాలిగా తీసుకుంటాడని ఆశ పెట్టింది. అంజినక్కతో, "నువ్వు వెనక కూర్చుంటేనే పాడతా, లేకుంటే రాలేనని చెప్తా" అన్నాను. ఆమె వెనక చావడిలోకి పోయి మొగుణ్ణి అడిగింది. నారాయణప్ప మగ్గం గుంటలోంచే, "పోయిరాపో. మగ్గం యాడికి పోతాది" అన్నాడు.

బయలుదేరే నాడు ఆమెను చూసి అవ్వ కూడా నశ్యం డబ్బీ మూయడం మరిచిపోయింది. పట్టుచీరలు నేసేవాళ్ళు పట్టుచీర కట్టరు. నేసింది నేసినట్టు మడత పెట్టి సావుకారు అంగడికి పోవాల్సిందే. అంజినక్క ఒంటి మీద రెండేళ్ళుగా నేను చూసింది నూలు చీరలే. ఆ రోజు పెళ్ళినాటి చీర పెట్టెలోంచి తీసి కట్టుకుంది. వేపాకు వాసన వేస్తున్న పసుపు పట్టు, ఎర్ర అంచు. పెళ్ళికి ముందు తానే నేసుకున్నదట. రైల్లో బొగ్గు నుసి పడకుండా దాని మీద తువ్వాలు కప్పుకుని, తంబూరా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఎంతమంది ఉంటారు టీచరమ్మా ఆడ?" అని రెండుసార్లు అడిగింది. పెనుకొండ స్టేషనులో దిగి, కొండను చూసుకుంటూ ఊళ్ళోకి నడిచేటప్పుడు ఆమె నడకలో ఒక కొత్త పెళ్ళికూతురి బెరుకు చూశాను. ముప్పై ఏళ్ళు దాటిన మనిషిలో.

ఎండ చల్లబడే వేళకు పందిట్లో జనం నిండారు. మేము వేదిక పక్కన తీగలు సరిచేసుకుంటున్నాము. కమిటీ పెద్దాయన వచ్చి నన్ను పక్కకు పిలిచాడు. "ఆ తంబూరా పట్టుకున్నామె ఎవరమ్మా?"

"మేము అద్దెకుండే ఇంటావిడండి. నాకు శ్రుతి వేస్తుంది."

"మగ్గాలోళ్ళా?" అన్నాడు, అంజినక్క వేళ్ళకేసి చూస్తూ. ఆయన కసిరి అనలేదు, మంచిగానే అన్నాడు. "చూడమ్మా, పెద్దపెద్దవాళ్ళు ముందర కూర్చుంటారు. మా ప్లీడరుగారి అమ్మాయి ఉంది, తంబూరా పట్టుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఆయమ్మకు ఆడవాళ్ళలో ముందు వరసలో చోటు చూపిస్తాంలే."

అప్పుడు నేను ఏమనాలో ఈ వయసులో ఎవరినడిగినా చెప్తారు. ఆమె లేకపోతే పాడనండి, అంతే. ఇంటి దగ్గర ఆమెతో అన్న మాటే. నేను విద్వాంసుడు కూర్చున్న వైపు చూశాను. అంజినక్కకు అంతా వినబడింది. నేను ఆమె వైపు తిరిగేలోపలే లేచి, తంబూరాను ఆ అమ్మాయి చేతికిచ్చి, "భద్రమమ్మా" అని చెప్పి, కిందికి దిగి అవ్వ పక్కన కూర్చుంది.

ప్లీడరుగారి అమ్మాయిది తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, ఒద్దికైన పిల్ల. వేదిక ఎక్కగానే తంబూరాను కొంగుతో చక్కగా తుడిచి, నా చెవిలో, "తీగల కింద ఏందో ఎర్ర దారాలు ఇరుక్కున్నాయి అక్కా, నేత ఇంట్లో ఉండేది కదా, తీసి పారేసినా" అని సంతోషంగా చెప్పింది. మొదటి పాట ఎట్లా పాడానో నాకు గుర్తు లేదు. వెనక టుక్కు టుక్కుమంటుంటే, నన్ను తరుముతున్నట్టే పైకి పైకి పోయాను. విద్వాంసుడు పక్కాయనతో మాటల్లో పడ్డాడు. ఆడవాళ్ళ వరసలో అంజినక్క తల వంచుకుని ఉంది. అవమానంతో అనుకున్నాను. కాదు. పెళ్ళిచీర కొంగు ఒళ్ళో పెట్టుకుని, అంచులోంచి పోగులు లాగుతోంది.

పాట కాగానే ఎవరినీ అడగకుండా వేదిక ఎక్కింది. ఆ అమ్మాయి పక్కకు జరిగింది. అంజినక్క నా వెనక మోకాళ్ళ మీద కూర్చుని, నాలుగు తీగల కిందా నాలుగు పోగులు పెట్టింది. బూడిద కూడా అక్కర్లేకపోయింది. పందిరంతా చూస్తుండగా తంబూరా విచ్చుకుంది. విద్వాంసుడు తల ఎత్తాడు. పోగులు పెట్టడం అయిపోయాక కూడా ఆమె ఒక్క క్షణం అట్లాగే ఉంది. నా వీపుకు తెలుస్తూనే ఉంది, లేవకుండా ఉందని. కూర్చో అక్కా అని నేను అనడానికి ఆ క్షణం చాలు. కమిటీ పెద్దాయన స్తంభం పక్కన నిలబడి చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఆమె లేచి కిందికి దిగిపోయింది.

ఆ తర్వాత బాగా పాడాను. చాలా బాగా పాడానని విద్వాంసుడే అన్నాడు, సెలవుల్లో బెంగుళూరు రమ్మన్నాడు. మరునాడు పొద్దున రైలెక్కకముందే, అంజినక్క స్నానానికి పోయిన సందు చూసి, అవ్వ అడగాల్సింది అడిగేసింది. "ఆయమ్మను కింద కూసోబెట్టి పైన నీకెట్లా గొంతు వచ్చిందే?" అవ్వకు సంగీతం తెలియదులే అని ఆ మాటను పక్కన పెట్టాను. అంజినక్క మాత్రం రైలు కిటికీలోంచి బయటికి చూస్తూ, మామూలుగా, మగ్గం దగ్గర మాట్లాడినట్టే అంది. "రెండో పాట నుంచి యాడా జారలేదు టీచరమ్మా. ఇంగ ఎనక నేను లేకపోయినా పాడతావు."

మెప్పనుకున్నాను. ఎన్నో ఏళ్ళు మెప్పనే అనుకున్నాను, నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. ధర్మవరం చేరాక ఆమె సాయంత్రాలు రావడం మానేసింది. "పని ఉండాది టీచరమ్మా" అనేది, కోపం లేదు, మాట తేడా లేదు. మా పప్పు బాగా ఉడికిందా లేదా అని అవ్వను అడిగేది. తంబూరా జీవ అరిగిన సంగతి మాత్రం మగ్గం దగ్గర నుంచే ఎట్లా వినేదో, పొద్దునకల్లా మా కిటికీ గట్టు మీద ఎర్రపోగులు ఉండేవి. వాటిని నేనే పెట్టుకోవడం నేర్చుకున్నాను. హిందూపురానికి బదిలీ అయి సామాను బండికెక్కిస్తుంటే ఒక వెదురు కండె నిండా ఎర్రపట్టు చుట్టి తెచ్చి అవ్వ చేతిలో పెట్టింది. "పాడినన్నాళ్ళు వస్తాదిలే అవ్వా" అంది. వచ్చింది. పెళ్ళయి, పిల్లలై, చిన్నచిన్న సభల్లో పాడి, పిల్లలకు పాఠాలు చెప్పి, గొంతు పోయేదాకా వచ్చింది. మొన్న పొట్లంలో నా చేతికొచ్చిన నాలుగు పోగులే ఆ కండెలో చివరివి.

కొడుకు పెళ్ళి చీరలకని ఒకసారి ధర్మవరం పోయాను. చీరలు ఒక నెపం. ఏమని చెప్పాలో రైలెక్కిన దగ్గర నుంచి మనసులో కూడబలుక్కుంటూ పోయాను. ఆ ఇంట్లో కరెంటు మగ్గాలు వచ్చాయి. చావడిలో ఒకరి మాట ఒకరికి వినబడని మోత. అంజినక్క కోడలు బయటికి వచ్చి, అత్త పోయి మూడేళ్ళయిందని చెప్పింది. నేనెవరో తెలిశాక నా చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి మజ్జిగ ఇచ్చింది. "మీరేనా ఆ టీచరమ్మ? నవమి వస్తే సాలు, మా అత్త మీ మాటే చెప్తాండె. పెనుకొండ పందిట్లో టీచరమ్మ పాడతాంటే ఎనక కూసోని నేనే తంబూరా ఏసినా, పెళ్ళిచీర కట్టుకోని పోయినా అని. ఆ చీర సూడండి, కొంగు అంచంతా పోగులు లేసిపోయుండాది. ఎట్లా అయిందత్తా అంటే నగుతాండె."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "అవునమ్మా. నా వెనకనే కూర్చుంది. కచేరీ అయిపోయేదాకా" అన్నాను. నా జన్మలో నేను ఆడిన అబద్ధాల్లో దాన్ని ఒక్కదాన్నే వెనక్కి తీసుకోను.

ఇప్పుడు తంబూరా ఇంట్లో ఉంది. అంగడాయన పెట్టిన తెల్ల నూలుపోగులు బాగానే పలుకుతున్నాయి, వంక పెట్టడానికి లేదు. ఈ కాలంలో శ్రుతి ఫోనులో వస్తుంది, ఎవరికీ వెనక ఒక మనిషి అక్కర్లేదు. సులువే. వెనక మనిషే లేకపోతే కిందికి దింపాల్సిన అవసరం కూడా ఉండదు. నిన్న సాయంత్రం రమ్య పాడడానికి కూర్చుంటూ, "ఎదురుగా కూర్చుంటే నువ్వు టీచరు మాదిరి చూస్తావు, భయమైతాది. ఎనక కూర్చో అవ్వా" అంది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వెనక కూర్చుని తంబూరా తీసుకున్నాను. జన్మంతా ముందు కూర్చున్నదాన్ని, వెనక నుంచి పాట ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ముఖం కనబడదు. పాట రావడానికి ముందే భుజాల్లో తెలుస్తుంది, భయం ఎక్కడ పుడుతుందో, తొందర ఎక్కడ పుడుతుందో. రమ్య పైకి పోతూ తడబడింది. నా చేయి దానంతటదే నిదానించింది.

ఆ పిల్ల పాట ఆపేసి వెనక్కి తిరిగి చూసింది. "సరిగ్గా కూర్చున్న్యావా అవ్వా? కాళ్ళు నొప్పులా?"

లేదు, పాడుకో అన్నాను. రెండేళ్ళు, ప్రతి సాయంత్రం, ఆమె నా వెనక కూర్చుంది. నేను ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.